ఫ్యాన్ నాలుగు, మంగళవారం

స్క్రూడ్రైవర్ మొనను యంత్రం ఒంటికి ఆనిస్తాడు. పిడిని ఎడమ చెవి వెనక ఎముకకు నొక్కి పెడతాడు. కళ్ళు మూసుకుంటాడు. ఊపిరి చప్పుడు కూడా అడ్డు రాకూడదని నోరు కొద్దిగా తెరుస్తాడు. ఎనిమిది లెక్కపెట్టేంతసేపు అలా ఉండి, కళ్ళు తెరిచి, జేబులోంచి షీటు తీసి ఒక మాట రాస్తాడు.

కాగితం మిల్లులో ఇరవయ్యారేళ్ళుగా ఆయన పని ఇదే. పంపులు, మోటార్లు, తడి కాగితాన్ని ఆరబెట్టే పెద్ద ఫ్యాన్లు, అన్నీ కలిపి అరవై రెండు. ఒక్కోదాన్ని పదిహేను రోజులకోసారి వింటాడు. ఇరుసును మోసే బేరింగు చెడిపోయే ముందు దాని గొంతు మారుతుంది. కంటికి ఏమీ కనపడక ముందే చెవికి తెలుస్తుంది. దాన్ని పట్టుకునే పరికరాలు బజారులో ఉన్నాయి. మనకు మనిషే ఉన్నాడు కదా అని మిల్లువాళ్ళు కొనలేదు. ఆ మనిషికి చెవి మేస్త్రి అని పేరు పడింది. జీతం కాగితం మీద తప్ప అసలు పేరుతో ఎక్కడా పని పడలేదు.

ఆయన రాసే మాటలు మూడే. బాగుంది. చూడాలి. ఆపాలి. "ఆపాలి" అని రాస్తే మేనేజరు కూడా ఎందుకని అడగడు. ఆపుతారు, విప్పుతారు, లోపల ఏదో ఒకటి ఉంటుంది. ఆ మూడు మాటల్లో ఒకదాన్ని రాయకూడని చోట రాసి, స్నేహితుడి చేతిని పోగొట్టినవాడు కూడా ఆయనే. ఆ సంగతి పంతొమ్మిది రోజులపాటు ఆయనకే తెలియదు.

పెళ్ళి చేసుకోలేదు. అక్క ఇంట్లో వెనక గది ఆయనది. అక్క కొత్త ఫ్రిజ్ కొన్న రోజు దాని వెనక్కి దూరి, చెంచా ఆనించి విన్నాడు. బతుకుతుందా డాక్టరుగారూ అని అక్క అడిగింది. పదేళ్ళు ఢోకా లేదన్నాడు. పన్నెండేళ్ళయింది, ఇంకా నడుస్తోంది.

మేనకోడలిది మేడ మీది గది. ఆమె పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. పగలంతా ఆ సన్నటి మర చప్పుడు పక్కన కూర్చుని జనాల పేర్లు రాసుకుంటుంది. సాయంత్రం వచ్చి తలుపేసుకుంటుంది. గోడలకు పాత పరుపులు నిలబెట్టి ఉంటాయి. ఒక కంప్యూటరు, చప్పుళ్ళు పెంచి తగ్గించే మీటల పెట్టె, రెండు స్పీకర్లు, ఒక మైకు. ఆమె చేసేది పాటే గానీ వినగానే పాట అనిపించదు. కాళ్ళీడ్చుకుంటూ నడిచే మనిషిలా నెమ్మదైన డ్రమ్ము. నేల కిందినుంచి వచ్చే మంద్రం. దాని మీద తనలో తను మాట్లాడుకుంటున్నట్టు ఆమె గొంతు. ఆ తరహాను ట్రిప్‌హాప్ అంటారని ఆమే చెప్పింది. అక్కడితో ఆగక దాని మీద ఉత్త చప్పుడు పోస్తుంది. గాలి, ఇనుము, రంపం. మాట మునిగిపోయేదాకా పోస్తుంది.

డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుందని అక్క కింద నుంచి అరిచేది.

మొదట్లో ఆమె చప్పుళ్ళు ఇంటర్నెట్‌లో ఎక్కడినుంచో దించుకునేది. మేస్త్రి ఒక రోజు గుమ్మంలో నిలబడి విని, ఇది మోటారు కాదు, మోటారులా నటిస్తోంది అన్నాడు. అసలుది కావాలా అన్నాడు. మిల్లు లోపల ఏదీ రికార్డు చేయకూడదు, ఫోన్లు గేటు దగ్గరే ఇచ్చేయాలి. ఆయన అగ్గిపెట్టెంత రికార్డరును టిఫిన్ డబ్బా అడుగు గిన్నెలో పెట్టుకుని లోపలికి వెళ్ళడం మొదలుపెట్టాడు. యంత్రాన్ని వింటున్నప్పుడు దాన్ని పక్కనే ఉంచేవాడు. సాయంత్రం ఆమె ఒక్కోదానికి యంత్రం పేరు, రోజు, తేదీ వేసి దాచుకునేది. పంపు పదకొండు, శుక్రవారం. మోటారు రెండు, సోమవారం. పాటలకు వేరే పేర్లు పెట్టలేదు. యంత్రాలకు నంబర్లుంటే చాలదా అని ఆయన అంటే ఆమెకు నచ్చింది.

ఏడాదిన్నరలో ఎనిమిది ముక్కలు తయారయ్యాయి. ఒక ఆల్బమ్. దూరాన ఉన్న ఒక చిన్న కంపెనీ విడుదల చేస్తామంది. ముందుగా పంపిన రెండు ముక్కలు విని ఎవరో నాలుగు మాటలు రాశారు. పైస్థాయిలో చెవిని కోసే ఆ కరకుదనం సాహసమని మెచ్చుకున్నారు. ఆమె అది చదివి వినిపించింది. ఆ సాహసం ఆయనదే. ప్రతిసారీ ఆయన పక్కన కూర్చుని, పైన ఇంకాస్త పెంచమ్మా అనేవాడు. ఆమె పెంచేది. ఇంకాస్త అనేవాడు. ఆమెకు చెవి నొప్పి పుట్టేది గానీ, ఇరవయ్యారేళ్ళు వినడమే పనిగా ఉన్న మనిషి చెబుతున్నాడు కదా అని పెంచేది.

ఆ గది ఆయనకు ఇష్టం. అక్కడ చప్పుడు విన్నాక ఏమీ రాయనక్కర్లేదు.

నిజానికి ఆయన చెవులు రెండేళ్ళ కిందటే పోవడం మొదలైంది. ముందు పిట్టలు పోయాయి. తర్వాత తాళంచెవుల గుత్తి. సన్నటివన్నీ ఒక్కొక్కటిగా వెళ్ళిపోయాయి, లావువి మిగిలాయి. పోయినవాటి చోట కీచురాయి లాంటి ఒక కూత వచ్చి కూర్చుంది. అది ఆగదు.

ఏడాదికోసారి మిల్లు డాక్టరు గదిలో చెవి పరీక్ష ఉంటుంది. అద్దాల పెట్టెలో కూర్చోబెట్టి, చప్పుడు వినిపించినప్పుడల్లా బొత్తం నొక్కమంటారు. అద్దం అవతల నర్సు మీట నొక్కినప్పుడల్లా ఆమె మోచెయ్యి కొంచెం కదులుతుంది. ఆయన ఆ మోచేతిని చూసి బొత్తం నొక్కాడు. రెండుసార్లూ మామూలే అని రాసిచ్చారు.

కిందటి ఎండాకాలంలో పంపు ఏడు దగ్గర సన్నటి కూత వినిపించింది. ఆపాలి అని రాశాడు. నాలుగు గంటలు పని ఆగింది. విప్పి చూస్తే బేరింగు కొత్త పెళ్ళికూతురిలా మెరుస్తోంది. కూత పంపుది కాదు, తన చెవిదేనని ఆయనకు అర్థమైంది. మిగతావాళ్ళకు అలా తోచలేదు. మేస్త్రి రాశాడంటే ఏదో ఉండే ఉంటుంది, మన కళ్ళకు ఆనడం లేదు అని ఫిట్టరు ఆ మంచి బేరింగును తీసి పారేసి కొత్తది వేశాడు.

పక్కనే ఉన్న గ్రీజు బావ మెచ్చుకోలుగా తలాడించాడు.

"నీవి పాముచెవులు బావా," అన్నాడు.

గ్రీజు బావ చుట్టమేమీ కాదు. ఇద్దరూ ఒకే రోజు పనిలో చేరారు, ఒకే రోజు ఒకే మనిషి చేత చివాట్లు తిన్నారు. ఆ సాయంత్రం నుంచి బావా అంటే బావా. గన్నుతో యంత్రాలన్నిటికీ గ్రీజు పెట్టడం ఆయన పని. నేను పాలు పడతాను, నువ్వు నాడి చూడు అనేవాడు. ఆయన భార్యను మేస్త్రి చెల్లెమ్మా అంటాడు. ఆమె అన్నయ్యా అంటుంది.

పంపు ఏడు తర్వాత మేస్త్రి తన చెవిలోని కూతను నమ్మడం మానేశాడు. సన్నగా ఏది వినిపించినా, అది నాదే అనుకుని పక్కన పెట్టేవాడు. మిగిలిన లావు చప్పుళ్ళను బట్టి, చేతికి తగిలే అదురును బట్టి మాట రాసేవాడు.

ఆ మంగళవారం ఫ్యాన్ నాలుగు దగ్గర ఎనిమిది దాటి పన్నెండు దాకా లెక్కపెట్టాడు. కూత ఉంది. ఎప్పుడూ ఉండేదే. రికార్డరు పక్కన నడుస్తోంది. బాగుంది అని రాసి ఐదో ఫ్యాను దగ్గరికి నడిచాడు.

పదకొండు రోజుల తర్వాత, శనివారం పొద్దున, నాలుగో ఫ్యాను బేరింగు తిరగకుండా పట్టేసింది. ఇరుసు విరిగింది. బెల్టు తెగి, ముందున్న రేకును చీల్చుకుని బయటికొచ్చింది. పక్కనే ఐదోదానికి గ్రీజు పెడుతున్న బావ కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది.

విచారణకు ఎక్కువ రోజులు పట్టలేదు. భద్రత ఆఫీసరు షీటు చూశాడు. మంగళవారం బాగుంది అని ఉంది. చెవి మేస్త్రి రాత ఇరవయ్యారేళ్ళలో తప్పింది లేదు. అంటే మంగళవారానికి ఫ్యాను బాగున్నట్టే. అయితే పాడైంది ఆ తర్వాతే. ఆ తర్వాత దాన్ని ముట్టుకోవలసిన మనిషి, మధ్యలో వచ్చిన శనివారం గ్రీజు పెట్టవలసిన మనిషి, ఒక్కడే. గ్రీజు చార్టులో గీత ఉంది గానీ, గీతదేముంది, ఎవరైనా గీస్తారు. గ్రీజు పెట్టకపోవడం వల్ల బేరింగు ఎండి పట్టేసింది అని ఆఫీసరు రాశాడు. సొంత నిర్లక్ష్యంతో పోగొట్టుకున్న చేతికి పరిహారం ఉండదు, ఉద్యోగమూ ఉండదు. మంగళవారం ఫ్యాను బాగుందని మేస్త్రి ఒక వాంగ్మూలం మీద సంతకం పెడితే పని పూర్తవుతుంది. సోమవారం పొద్దున రమ్మన్నారు.

మేస్త్రికి అందులో అబద్ధం కనపడలేదు. బాగుందనే రాశాడు. కానీ బావ గ్రీజు పెట్టలేదంటే మనసు నమ్మనంటోంది. ఈ రెండూ ఎలా కలుస్తాయో ఆ వారమంతా తేలలేదు.

ఆదివారం మధ్యాహ్నం మేనకోడలు మేడ మీదికి పిలిచింది. ఆయన మనసు బాగాలేదని తెలుసు. కాసేపు అదైనా మరచిపోతాడని, చివరి ముక్క పూర్తయింది, విను అంది. దీన్ని ఇన్నాళ్ళూ వినిపించకుండా దాచింది. ఆల్బమ్ అంతటిలోకి మంచిది ఇదేనని ఆమె నమ్మకం.

ముందు గాలి వచ్చింది, బరువుగా, గుహలో తిరుగుతున్నట్టు. ఆ గాలిలోంచి ఒక దెబ్బ. ఖాళీ పీపా మీద చేత్తో కొట్టినట్టు మెత్తగా, మళ్ళీ అదే దెబ్బ. తొందర లేదు, తప్పడం లేదు. దాని మీద ఆమె గొంతు వచ్చి, రెండు మాటలు చెప్పి, మునిగిపోయింది. మేస్త్రి తల తనకు తెలియకుండానే ఊగింది. వారం రోజుల తర్వాత ఒంట్లో ఏదో సడలింది.

"డ్రమ్ము బాగుంది," అన్నాడు. "ఎక్కడిది?"

"ఇందులో డ్రమ్ము లేదు మామయ్యా."

"మరి ఈ దెబ్బ?"

"నీ ఫ్యానే. నేనేం కలపలేదు. పదహారు రెట్లు నెమ్మది చేశానంతే. వేగంగా ఉన్నప్పుడు సన్నగా కీచుమంటోంది. నెమ్మది చేస్తే లావై ఇలా దెబ్బయింది."

మేస్త్రి తల ఆగింది.

"ఏ ఫ్యాను?"

ఆమె తెర మీది పేరు చదివింది. ఫ్యాన్ నాలుగు, మంగళవారం.

ఆయన చేతి గడియారం తీసి బల్ల మీద పెట్టాడు. మళ్ళీ వేయమన్నాడు. నిమిషం పాటు వేలితో బల్ల మీద కొడుతూ లెక్కపెట్టాడు. డెబ్బై అయిదు. ఇంకోసారి వేయించుకున్నాడు. డెబ్బై అయిదు. కరెంటు బిల్లు వెనక గుణించాడు. డెబ్బై అయిదు పదహార్లు పన్నెండు వందలు. ఆ ఫ్యాను నిమిషానికి తిరిగేది పన్నెండు వందల చుట్లు. దాని రేకు మీద చెక్కి ఉంటుంది. చుట్టుకు ఒక దెబ్బ. గ్రీజు లేని బేరింగు అలా కొట్టదు, గీరుతుంది. చుట్టుకొకసారి కొట్టేది పగిలింది మాత్రమే. మంగళవారానికే పగిలి ఉంది.

"అసలుది వెయ్యి," అన్నాడు. "నెమ్మది చెయ్యనిది."

ఆమె వేసింది. ఆయన ముందుకు వంగి విన్నాడు. ఫ్యాను మూలుగు ఉంది. తన కీచురాయి ఉంది. ఇంకేమీ లేదు.

"వినిపిస్తోందా నీకు?" అని అడిగాడు.

"స్పష్టంగా ఉంది మామయ్యా. చక్రంలో గింజ ఇరుక్కున్నట్టు. నీకు..." అని ఆమె ఆగిపోయింది. ఆయన ముఖం చూసింది. తర్వాత బల్ల మీద, పైస్థాయి చప్పుళ్ళవన్నీ చివరిదాకా తోసి ఉన్న మీటల వరస చూసింది. ఏడాదిన్నరగా తను అభిరుచి అనుకున్నదేమిటో అప్పుడు తెలిసింది.

"ఎప్పటినుంచి?"

"రెండేళ్ళు."

ఆమె స్పీకర్లు ఆపేసింది. పరుపులు నిలబెట్టిన గది కావడంతో ఏ చప్పుడూ లేదు. ఆయనకు ఆ మాత్రం నిశ్శబ్దం కూడా దొరకలేదు, కూత ఉంది.

జరిగింది ఆయన చెప్పాడు. పంపు ఏడు, నర్సు మోచెయ్యి, మంగళవారం.

"పద్దెనిమిది రోజులుగా దీనికి తల ఊపుతున్నాను," అంది. "బుధవారమే విన్నాను మామయ్యా. ఆ రోజే నీకు వినిపించి ఉంటే. చివర్లో వినిపించి ఆశ్చర్యపెడదామని దాచాను."

"నువ్వు పాట విన్నావు. బేరింగు వినాల్సినవాణ్ణి నేను."

ఆ మాట ఆమెకు ఊరటనివ్వలేదు. ఆయన ఊరటగా అననూ లేదు. వచ్చే శుక్రవారం జరగాల్సిన ఆల్బమ్ విడుదల ఆపమని ఆమె కంపెనీకి ఉత్తరం రాసింది. కారణం రాయడానికి నాలుగుసార్లు మొదలుపెట్టి కొట్టేసింది. చివరికి, ఒక ముక్క గురించి ఒక మనిషిని అడగాలి అని మాత్రం రాసింది. ఆ మనిషి గ్రీజు బావ. ఆ ముక్కను చెరిపేస్తానంటే మేస్త్రి వద్దన్నాడు. రేపు కావాలన్నాడు.

సాయంత్రం ఆస్పత్రికి వెళ్ళాడు. పొడుగాటి వార్డులో కిటికీ పక్క మంచం. బావ కుడిచెయ్యి గుడ్డ చుట్టిన మూటలా దిండు మీద ఉంది. చెల్లెమ్మ స్టూలు ఇచ్చి తను మంచం కోడు మీద కూర్చుంది. ఆఫీసు నుంచి ఎవరూ రాలేదు, రిపోర్టు సంగతి తోటివాళ్ళే చెప్పారంది. బావ గడ్డం గీసుకోలేదు, కళ్ళు లోపలికి పోయాయి. ఎడమచేత్తో అన్నం తింటుంటే సగం మంచమే తింటోందని నవ్వబోయాడు. తర్వాత గొంతు తగ్గించి మాట్లాడసాగాడు. మేస్త్రి ఆయన పెదాల వంక చూస్తూ కూర్చున్నాడు. సగమే అందింది. మళ్ళీ చెప్పమన్నాడు.

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నీతో," అని బావ నవ్వాడు. ఊళ్ళోకెల్లా మంచి చెవులున్నవాడితో ఆ మాట అనడం తమాషాగా ఉందేమో, చెల్లెమ్మ కూడా నవ్వింది. ఎనిమిది రోజుల్లో ఆ మంచం దగ్గర అదే మొదటి నవ్వు. తర్వాత బావ గట్టిగా చెప్పాడు.

"ఆ శనివారం నాలుగోదానికి గ్రీజు పెట్టాననే గుర్తు బావా. గన్ను నాలుగుసార్లు నొక్కాను. కానీ రోజూ చేసే పనాయె, ఏ రోజుది ఏ రోజుదో. నువ్వు బాగుందని రాశావంటే బాగున్నట్టే కదా. అట్లా అనుకుంటూ పోతే తప్పు నాదేనేమో అనిపిస్తోంది."

"పెట్టావు," అన్నాడు మేస్త్రి.

"నువ్వు చూశావా?"

"పెట్టావు. రేపు చెబుతాను."

లేచి, దిండు సరిచేసి, బయటికి నడిచాడు. గుమ్మం దగ్గర చెల్లెమ్మ వెనకనుంచి ఏదో అంది. వినపడలేదు. వెనక్కి తిరిగితే మళ్ళీ అడగాల్సి వస్తుందని తిరగలేదు.

మర్నాడు పొద్దున అరగంట ముందే మిల్లుకు వెళ్ళాడు. గేటు దగ్గర ఫోను ఇచ్చి, రికార్డరును, మేనకోడలి చిన్న స్పీకరును అరచేతుల్లో పెట్టి కాపలావాడికి చూపించాడు. ఇవి లోపలికి కుదరవన్నాడు కాపలావాడు. తెలుసన్నాడు మేస్త్రి, రాసుకోమన్నాడు. కాపలావాడు పైకి ఫోను చేసి, ఆయన వంక వింతగా చూస్తూ వదిలాడు.

గదిలో భద్రత ఆఫీసరు, మేనేజరు, ఫిట్టరు ఉన్నారు. వాంగ్మూలం బల్ల మీద ఉంది, దాని మీద పెన్ను. మేస్త్రి కూర్చోలేదు. పెన్నును పక్కకు జరిపి, స్పీకరు అక్కడ పెట్టాడు. ఎప్పుడు, ఎలా రికార్డు చేశాడో ముందు చెప్పాడు. తర్వాత ఆమె గొంతు లేని ముక్కను, నెమ్మది చేసినదాన్ని వేశాడు. గోడ గడియారం చూసి నిమిషం పాటు దెబ్బలు లెక్కపెట్టమని ఫిట్టరును అడిగాడు. మేనేజరు ఏమిటిదంతా అన్నట్టు చూశాడు. ఫిట్టరు మాత్రం ఇరవై దాటకముందే కుర్చీ అంచుకు జరిగాడు. డెబ్బై అయిదు అన్నాడు. పదహారు పెట్టి గుణించమన్నాడు మేస్త్రి.

ఫిట్టరు లేచి కిందికి వెళ్ళి, పాతగుడ్డలో చుట్టిన బేరింగు ముక్కలు తెచ్చి కిటికీ వెలుగులో తిప్పాడు. పగులు అంచు సగం నల్లగా పాతబడి ఉంది. మిగతా సగం కొత్తగా మెరుస్తోంది.

"ఇది ఎండిపోయింది కాదు సార్. ముందే పగిలింది," అన్నాడు. "ఇన్నాళ్ళూ ఇక్కడే ఉంది. అక్కర్లేదనుకుని ఎవరం చూడలేదు."

ఆఫీసరు ముక్కను చేతిలోకి తీసుకుని చూశాడు, కింద పెట్టాడు. తన రిపోర్టు తెరిచాడు. గ్రీజు పెట్టకపోవడం వల్ల అని ఉన్న వాక్యం మీద అడ్డంగా గీత గీశాడు. తర్వాత కొత్త కాగితం తీసి, తల దించుకుని రాసుకుంటూనే, మేస్త్రిని ఏదో అడిగాడు.

మేస్త్రికి ఆయన నెత్తి మాత్రమే కనపడుతోంది.

"తల ఎత్తి అడగండి సార్," అన్నాడు. "నాకు చెవుడు."

ఆఫీసరు రాయడం ఆపాడు. తల ఎత్తి, మరి మంగళవారం బాగుందని ఎందుకు రాశారని అదే ప్రశ్న మళ్ళీ అడిగాడు.